ఫిబ్రవరి నాటి నోరు

ఇంటి నుంచి
ఫిబ్రవరి 9

పళ్ళ మేస్త్రీ,

కంగారు పడకు, బతికే ఉన్నాను. ముందు పళ్ళు నాలుగు మాత్రం లేవు. పైవరుసలో, సరిగ్గా నడిమధ్యవి. నోరు తెరిస్తే తలుపు తీసి పెట్టిన గదిలా ఉంది. అందుకని నవ్వడం మానేశాను. మీ అన్నయ్యకి పెద్ద తేడా తెలిసినట్టు లేదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ముందు నేను నవ్వింది తక్కువే.

ఫోను చేయొచ్చుగా అంటావు. చేస్తే నీకు మాటలు వినపడవు, ఈల వినపడుతుంది. ఉత్తరంలో అయితే పళ్ళున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకటే అక్షరాలు. అందుకని ఇకనుంచి ఇంతే.

ఏం జరిగిందంటే, బడి ఆవరణలో ఊయల ఉందిగా. మా క్లాసులో అందరికంటే చిన్నది, ఆరేళ్ళ పిల్ల, చిట్టి అంటాం, ఊగుతున్న ఊయల వెనక నుంచి తాపీగా నడుచుకుంటూ వస్తోంది. వినపడే పిల్లయితే 'ఆగు' అని ఒక్క అరుపు చాలు. మా బడిలో అరుపుకి విలువ లేదు, పరుగుకే. పరుగెత్తి దాన్ని ఇవతలికి లాగాను. చెక్క వచ్చి నా మూతికి తగిలింది. రెండు పళ్ళు అక్కడే విరిగాయి, రెండు వేలాడుతుంటే డాక్టరు పీకేశాడు. చిట్టికి గీత కూడా పడలేదు. పైగా నా నోట్లో రక్తం చూసి, నేను ఏదో ఎర్రటిది తిన్నాననుకుని తనకీ పెట్టమని చెయ్యి చాపింది.

పీకడానికి, కుట్లకి అయిన ఖర్చు బడివాళ్ళు ఇచ్చారు. కొత్త పళ్ళు మాత్రం అందానికి సంబంధించినవట, ఇవ్వరట. పంతొమ్మిదేళ్ళుగా వినపడని పిల్లలకి మాట నేర్పుతున్నాను. నా నాలుక పళ్ళకి ఎక్కడ తగులుతోందో, పెదవి ఎప్పుడు విడుతోందో చూసి వాళ్ళు మాట పట్టుకుంటారు. నాకు నోరంటే వడ్రంగికి ఉలి. దాన్ని పట్టుకుని అందం అంటారేమిటే?

డాక్టరు నా నోటి అచ్చు తీసి ప్లాస్టర్ పోసి ఇచ్చాడు. "మీ మరదలు పళ్ళ ల్యాబులోనే పనిచేస్తుందిగా, ఆవిడకే పంపండి" అన్నాడు. పాత దిండు గలీబులో చుట్టి పంపుతున్నాను. తీసి పెట్టుకునే రకమే నాకు సరిపోతుందట. అందులో ఏవేం రకాలున్నాయో, ఎంతవుతుందో, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో విడమరిచి రాయి. కార్డు మీ అన్నయ్య కంపెనీదే కదా, ఆయన్ని అడిగితే "చెల్లిని అడుగు, దానికి తెలుసు" అంటున్నారు. వడ్డించేది మనవాళ్ళయితే కడపంక్తిలో కూర్చున్నా భయం లేదంటారు. నేను ఆ ధైర్యంతోనే ఉన్నాను.

ప్రస్తుతానికి పాఠం చెప్పేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. సిగ్గు, ఏం చేయను.

మీ బోసినోటి వదిన

&nbsp;

ల్యాబ్, రెండో అంతస్తు
ఫిబ్రవరి 16

వదినా,

ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, ఎర్రటిది తిన్నావనుకుందన్న చోట నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. పక్క బల్ల మీద మైనం దిద్దే పెద్దాయన, ప్లాస్టర్ దుమ్ము కంట్లో పడిందా అమ్మా అని అడిగాడు. పడిందన్నాను.

నీ అచ్చు క్షేమంగా వచ్చింది. ఇక్కడ ప్రతి అచ్చు అడుగున డాక్టరు పేరు, నంబరు రాస్తాం. నీదాని అడుగున పెన్సిలుతో 'వదిన' అని రాశాను. ఈ వదిన ఏ ఆసుపత్రి తాలూకు అని పెద్దాయన అడుగుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా నీ నోటికి భయపడుతున్నాను గానీ, దాన్ని ఇలా అరచేతిలో పెట్టుకుని చూస్తాననుకోలేదు.

ఇక పాఠం విను, టీచరమ్మా. తీసి పెట్టుకునేవి మూడు రకాలు. ఒకటి ప్లాస్టిక్‌ది. గులాబీ రంగు అంగిలి, దానికి పళ్ళు, పక్క పళ్ళని పట్టుకోవడానికి తీగ కొక్కేలు. చవక, నీ సగం నెల జీతంలో అయిపోతుంది. కాస్త మందంగా ఉంటుంది, మొదట్లో నోట్లో ఎవరిదో చెప్పు ఉన్నట్టుంటుంది. రెండోది లోహపు చట్రం. పల్చగా, గట్టిగా ఉంటుంది, నాలుకకి చోటు మిగులుతుంది. దానికి నీ నెలన్నర జీతం. మూడోది వంగే రకం, తీగలు కనపడవు, చూడ్డానికి బాగుంటుంది. కానీ విరిగితే అతకడం కష్టం, చిగుళ్ళు మారితే సర్దడం అంతకంటే కష్టం. నీ పనికి రెండోదే సరైనది. నాలుక ఎక్కడ తగులుతోందో కనపడాలిగా.

ఇన్సూరెన్స్ సంగతి ఎప్పుడూ కాస్త మెలికే. మామూలుగా సగం వాళ్ళిస్తారు, సగం మనం. ఏడాదికి ఇంత అని గీత ఉంటుంది, దాటితే మనదే. కొందరు లోహపుదానికి కూడా ప్లాస్టిక్‌దాని ధర చూసి అందులో సగమే ఇస్తారు. ఒకసారి తీసుకుంటే ఐదేళ్ళదాకా ఇంకోటి ఇవ్వరు, కాబట్టి పోగొట్టుకోకు. అన్నిటికంటే ముఖ్యం, పాలసీ మొదలయ్యాక పోయిన పళ్ళకే ఇస్తారు. నీవి పోయింది మొన్ననే కదా, ఆ బెంగ లేదు. పీకిన తేదీతో డాక్టరు చీటీ, ఎక్స్‌రే దాచిపెట్టు. పని మొదలుపెట్టకముందే వాళ్ళ అనుమతి తీసుకుంటే తర్వాత గొడవుండదు. నేను ఆదివారం అన్నయ్యతో మాట్లాడి కాగితాలు కదిలిస్తాను.

చిగురు మానడానికి ఎలాగూ ఆరు వారాలు పడుతుంది. ఏప్రిల్‌కి నీ నోట్లో పళ్ళుంటాయి. నాదీ పూచీ.

మరో సంగతి. చెయ్యి తియ్యి వదినా. నీ నోరు చూడకపోతే ఆ పిల్లలు ఏం చూస్తారు?

నీ పళ్ళ మేస్త్రి

&nbsp;

ఇంటి నుంచి
మార్చి 20

మేస్త్రీ,

నెలయింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. చిగురు మానింది. డాక్టరు చూసి పని మొదలుపెట్టుకోవచ్చు అన్నాడు. లోహపు చట్రమే చెయ్యి, నేను తేల్చుకున్నాను. నా వాటా సగం నా దగ్గర సిద్ధంగా ఉంది.

అనుమతి కాగితం సంగతి మీ అన్నయ్యని నాలుగుసార్లు అడిగాను. "పెట్టాను, వస్తుంది" అంటారు. ఐదోసారి అడిగితే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళలో ఆయన అన్నం మధ్యలో లేవడం నేను చూడలేదు. గోదాములో పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాను. రంగు డబ్బాల మనిషి కదా, ఇంటికి వస్తే ఎప్పుడూ చొక్కాకి రంగు వాసన. ఈ మధ్య అది కూడా లేదు, గోదాములో కొత్తగా గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టారట.

చెయ్యి తియ్యమన్నావు. ప్రయత్నించాను. తీయగానే వెనక బెంచీ పిల్ల ఒకతి తన పళ్ళ మీద వేలు పెట్టి పక్కదానికి చూపించింది. మా పిల్లలకి గుసగుసలుండవు కదా, ఏదైనా బాహాటమే. క్లాసంతా నా ఖాళీ చూసింది తప్ప నా నాలుక చూడలేదు. చెయ్యి మళ్ళీ దానంతటదే పైకి వెళ్ళింది. చెవిటివాడి ముందు శంఖం అని ఒక సామెతుంది చూడు, అది మా బడిలో నిషిద్ధం. ఇప్పుడు శంఖం ఊదే మనిషికి నోరే లేదు.

హెడ్మిస్ట్రెస్ ఇవాళ పిలిచి, "ఎప్పటికి వస్తాయండీ?" అంది. ఏప్రిల్ అన్నాను. నీ పూచీయే ఆవిడకి ఇచ్చాను. తేదీ రాయి.

వదిన

&nbsp;

ల్యాబ్
మార్చి 31

వదినకి,

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు, పని ఒత్తిడి.

అన్నయ్యతో మాట్లాడాను. ఇన్సూరెన్స్‌లో నేను అనుకోని నిబంధన ఒకటి ఉంది. ఈ జనవరి నెలాఖరులో పాలసీ మారిందట. పాలసీ మారితే పెద్ద పనులకి ఆరు నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. కట్టుడు పళ్ళు పెద్ద పనుల కిందికే వస్తాయి. ఈలోగా పని మొదలుపెడితే మొత్తం మన మీదే పడుతుంది, తర్వాత క్లెయిమ్ కూడా చెల్లదు. కాబట్టి ఆగస్టుదాకా ఆగడమే మంచిది. ఇలాంటి కేసులు ఇక్కడ చాలా చూశాం.

సొంత డబ్బుతో చేయించుకోవాలని తొందరపడకు. నాలుగు నెలలు ఎంతలో గడుస్తాయి? చిగురు ఇంకా గట్టిపడుతుంది, అదీ మంచిదే.

అన్నయ్యని పదేపదే అడగొద్దు. కాగితాలు నేను చూసుకుంటున్నాను. ఆయన ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మరదలు

&nbsp;

బడి, స్టాఫ్ రూము
జూన్ 18

ఏమే,

'ఇట్లు మరదలు' ఏమిటే? అది నా మరదలు రాసిన ఉత్తరమా, ఇన్సూరెన్స్ వాళ్ళు రాసిందా? అయినా నువ్వు చెప్పావని ఆగాను. పళ్ళ సంగతి నాకంటే నీకు తెలుసు. ఇంకెవరు చెప్పినా వినేదాన్ని కాదు.

ఇవాళ జరిగింది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

పై ఆఫీసు నుంచి ఇద్దరు తనిఖీకి వచ్చారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఒక మాట పలకాలి. మా పిల్లలకి ఒక మాట అంటే నీకు తెలీదు, ఏడాది కష్టం. ముందు చిట్టిని లేపాను. 'నీళ్ళు' దాని మాట, ఎంతో ముద్దుగా అంటుంది. లేచి నిలబడింది, తనిఖీ ఆయన వంక చూసింది. కుడిచెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుని, అప్పుడు 'నీళ్ళు' అంది.

సిగ్గుపడుతోందనుకుని ఆయన నవ్వాడు. రెండోవాడు లేచాడు. నోటికి చెయ్యి. మూడోది, నోటికి చెయ్యి. పద్నాలుగు మందే, పద్నాలుగు మందీ నాలాగే నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, బొటనవేలు బుగ్గ మీద పెట్టి పలికారు. మాట అంటే అదే అనుకున్నారు వాళ్ళు. నేను నేర్పాననుకున్నారు. నేను నేర్పాను కూడా.

ఆ ఇద్దరూ వెళ్ళాక హెడ్మిస్ట్రెస్ తలుపు వేసి, "నాకు మీ మీద గౌరవం ఉంది. కానీ పిల్లలకి ఈ అలవాటు ముదిరిపోతే ఎవరు మాన్పిస్తారు? ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత మీకు క్లాసు బదులు స్టోరు గది చూసుకోమని రాయాల్సి వస్తుంది" అంది. మంచి మనిషే. మంచివాళ్ళు చెబితే తిట్టుకోవడానికి కూడా ఉండదు.

ఈ క్లాసు పోతే నాకు ఏముందే? పిల్లలు లేరు. మీ అన్నయ్య పొద్దున్న పోతే సాయంత్రానికి వస్తారు, వచ్చి గోడ వంక చూస్తూ కూర్చుంటారు. నాకున్నది ఈ పద్నాలుగు నోళ్ళే.

నాకు ఇన్సూరెన్స్ వద్దు, ఏమీ వద్దు. ప్లాస్టిక్‌ది చాలు, పూర్తి ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఇక్కడే ఎక్కడైనా చేయించుకుంటానంటే, "చెల్లి ఆగమంది కదా, దాని మాట కాదంటావా" అంటున్నారు మీ అన్నయ్య. కాదనలేకే నీకు రాస్తున్నాను. పన్నెండు రోజులుంది.

వదిన

&nbsp;

ల్యాబ్
జూన్ 26

వదినా,

పార్సెల్ విప్పావా? విప్పే ఉంటావు. అవే నీ పళ్ళు. లోహపు చట్రం, నేనే పోత పోసి, నేనే మెరుగు పెట్టాను. మధ్యాహ్నం భోజనం వేళల్లో కూర్చుని ఆరు రోజుల్లో చేశాను. రంగు నీ పెళ్ళి ఫొటో చూసి కలిపాను, కాస్త తెల్లగా వచ్చుంటే అది ఫొటోగ్రాఫరు తప్పు.

ఇన్సూరెన్స్ వాళ్ళు నీ పరిస్థితి చూసి ముందుగానే ఒప్పుకున్నారు. నీ వాటా ఏమీ లేదు, మొత్తం వాళ్ళదే. మళ్ళీ వాళ్ళకి ఫోను చేసి అడగడం లాంటివి పెట్టుకోకు, ఒప్పుకున్నవాళ్ళని కదిలిస్తే వెనక్కి తీసుకుంటారు.

ముందు తడిపి, వేళ్ళతో నెమ్మదిగా నొక్కి పెట్టుకో. కొరికి దించకు, కొక్కేలు వంగుతాయి. పడుకునేటప్పుడు తీసి నీళ్ళలో వెయ్యి. మొదటి రోజంతా అద్దం ముందు కూర్చుని పాఠాలు చెప్పుకో. తర్వాత నీ పిల్లల దగ్గరికి వెళ్ళు.

సరిగ్గా కూర్చుంటుంది. కూర్చోవాలి.

నీ మేస్త్రి

&nbsp;

ఇంటి నుంచి
జూలై 4

మరదలు గారికి,

మీరు పంపిన పళ్ళు కూర్చోలేదు.

తడిపి పెట్టాను. ఎడమవైపు దిగితే కుడివైపు లేచింది. కొక్కెం పక్క పన్నుని పట్టుకోదు, అసలు ఆ పన్ను అక్కడ లేదు. చిగురుకీ చట్రానికీ మధ్య గోరు దూరేంత సందు. అయినా ముప్పయ్యో తేదీన వేళ్ళతో నొక్కిపెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. రెండో మాటకే జారి బల్ల మీద పడింది. పిల్లలు నవ్వలేదు. చిట్టి దాన్ని తీసి, గౌనుకి తుడిచి, నా చేతిలో పెట్టింది. ఒకటో తేదీ నుంచి నేను స్టోరులో ఉన్నాను.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తిప్పి తిప్పి చూసి, "చేసినవాళ్ళ చెయ్యి అద్భుతం. కానీ ఇది ఫిబ్రవరి నాటి నోటికి చేశారు. పళ్ళు పీకిన చోట ఎముక కరిగిపోతుంది, పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి. ఇన్ని నెలలు ఆగితే కొత్త అచ్చు తీయాలని ల్యాబులో కుర్రకుంకలకి కూడా తెలుసు కదా" అన్నాడు. ఇన్ని నెలలు ఎందుకు ఆగారు అని అడిగాడు. ఇన్సూరెన్స్ నిబంధన అన్నాను.

సరే, ఇన్సూరెన్స్ ఆఫీసుకే పోయి అడుగుదామని బయల్దేరాను. కొత్తగా చేయించుకోవాలంటే ఐదేళ్ళ నియమం అడ్డమొస్తుందని మీరే రాశారు కదా, తప్పు కొలత అని చెప్పి మినహాయింపు అడగాలనుకున్నాను. కిటికీ దగ్గర అమ్మాయి కార్డు నంబరు కొట్టి చూసింది. మళ్ళీ చూసింది. "అమ్మా, ఈ పాలసీ జనవరి పదకొండుతో ఆగిపోయింది. మీవారు ఆ కంపెనీలో లేరు కదా" అంది.

వరుసలో నా వెనక ఏడుగురు ఉన్నారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నిరీక్షణ కాలం, పెద్ద పనులు, ఇలాంటి కేసులు చాలా చూశాం. మీకు తెలుసా, తెలియదా? ఒక్క మాటలో రాయండి.

&nbsp;

ల్యాబ్
జూలై 9

వదినా,

తెలుసు.

ఒక్క మాటలో రాయమన్నావు, రాశాను. మిగతాది చదవాలని లేకపోతే ఇక్కడే చించెయ్యి.

ఫిబ్రవరిలో నీకు మొదటి జవాబు రాశాక వచ్చిన ఆదివారమే అన్నయ్యకి ఫోను చేశాను. కార్డు అనగానే ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా నేను వాడి ఏడుపు వినలేదు. గోదాములో సగం మందిని తీసేశారట, అందులో వాడొకడు. ఉద్యోగంతో పాటే ఇన్సూరెన్సూ పోయింది. నెలనెలా నీ చేతికిస్తున్నది జీతం కాదు, వెళ్ళిపొమ్మన్నప్పుడు వాళ్ళిచ్చిన డబ్బు. పొద్దుటి నుంచి సాయంత్రందాకా లైబ్రరీ పేపర్ల గదిలో కూర్చుంటున్నాడు. "రెండు నెలల్లో ఇంకోటి దొరుకుతుంది, అందాకా మీ వదినని ఆపు. పళ్ళ విషయంలో నా మాట వినదు గానీ నీ మాట వింటుంది" అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు. వేశాను.

నేనే ఊరికే చేసి పంపెయ్యొచ్చు కదా? ఈ ప్రశ్న నన్ను నేను వందసార్లు అడుక్కున్నాను. పంపితే 'మరి ఇన్సూరెన్స్ ఏమైంది' అని నువ్వు అడుగుతావు. నీకు అడగడం మొదలైతే ఆపడం ఎవరి తరం? అన్నయ్య పరువు కాపాడుతున్నాననుకున్నాను. వాడి పరువు నీ నోటికంటే పెద్దదా అని నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు వదినా. కాదు, తట్టింది. పని మీద ఉన్నానని చెప్పుకుని పక్కకి నెట్టేశాను.

ఫిబ్రవరి అచ్చు మీద జూన్‌లో చేస్తే కూర్చోదని నాకు తెలీదా? పద్దెనిమిదేళ్ళుగా కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది అదే. కానీ కొత్త అచ్చు పంపమంటే డాక్టరు దగ్గరికి వెళ్తావు, ఎందుకు ఇన్నాళ్ళు ఆగారని ఆయన అడుగుతాడు, అంతా బయటపడుతుంది. బల్ల మీద నీ పాత అచ్చు ఉంది, అడుగున 'వదిన' అని ఉంది. పన్నెండు రోజులే అన్నావు. దేవుడా ఈ ఒక్కసారికి కూర్చోనీ అనుకుంటూ చేశాను. చేత్తో పనిచేసేవాళ్ళు అనుకోకూడని మాట అది.

ఆ పద్నాలుగు మంది పిల్లల సంగతి చదివినప్పుడైనా నిజం రాయాల్సింది. రాయలేదు.

క్షమించమని అడగను. తిట్టు, బాగా తిట్టు. 'గారు' మాత్రం అనకు వదినా, చచ్చిపోతాను.

నీ మరదలు

&nbsp;

బడి, స్టోరు గది
అక్టోబరు 12

మరదలా,

మూడు నెలలు రాయకూడదనే రాయలేదు. ఇప్పుడు కూడా కోపం పోయి రాయడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, అంతే.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం మీ అన్నయ్య ఇంటికి రాగానే, "లైబ్రరీలో ఫ్యాన్లు తిరుగుతున్నాయా?" అన్నాను. చెప్పులు విప్పుతున్న మనిషి అలాగే ఒక కాలి చెప్పుతో కూర్చుండిపోయారు. నేను అరవలేదు. అరవడానికి నాకు నాలుగు పళ్ళు తక్కువ. ఇప్పుడు ఒక సామాన్ల కొట్లో లెక్కలు రాస్తున్నారు, పాత జీతంలో మూడోవంతు. కార్డూ గీర్డూ లేవు. ఆయన తప్పు ఉద్యోగం పోవడం కాదని ఆయనకి ఇంకా అర్థం కాలేదు. నాకు ఆ ఒక్కమాట జనవరిలో చెప్పి ఉంటే, ఉన్న డబ్బుతో ప్లాస్టిక్‌ది కట్టించుకుని మార్చికల్లా నా పిల్లల ముందు నిలబడేదాన్ని. సగం నెల జీతం! దాచి దాచి దయ్యాల పాలు చేశారు అన్నాచెల్లెళ్ళిద్దరూ. ఇంట్లో ఇద్దరం తలొక మూల కూర్చుంటున్నాం.

ఇక్కడ నా పని సుద్దముక్కల పెట్టెలు, పిల్లల చెవి మిషన్ల బ్యాటరీలు లెక్కపెట్టి ఇవ్వడం. కిటికీ లేదు. గోడ అవతలే నా క్లాసు. కొత్త టీచరు చిన్నపిల్ల, ఓపిక ఉంది. పొద్దుటి నుంచి పిల్లల చేతులు నోటి మీద నుంచి తీస్తూనే ఉంటుంది, వాళ్ళు పెడుతూనే ఉంటారు.

ఈ పార్సెల్‌లో కొత్త అచ్చు ఉంది. మొన్ననే తీయించాను. అడుగున తేదీ నేనే గట్టిగా చెక్కాను, నీ పెన్సిలు రాతల్ని నమ్మను. ప్లాస్టిక్‌ది చెయ్యి. వేరేచోట చేయించుకోవచ్చు, నీకంటే మంచి చెయ్యి లేదని డాక్టరే అన్నాడు కాబట్టి నీకే పంపుతున్నాను. బిల్లు నా పేరు మీద, పూర్తిగా, ఒక్క రూపాయి తగ్గించకుండా వెయ్యి. ఊరికే వచ్చిన పళ్ళతో నాకు ఇంకో రోజు గడవకూడదు. ఆ లోహపుది మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. నీకు తిరిగి పంపితే కరిగించేస్తావు.

ఇక ఒక్క సంగతి రాసి ముగిస్తాను. ఇది రాయడానికే మూడు నెలల పంతం వదులుకున్నాను.

పోయిన శుక్రవారం హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి, నా క్లాసులో పది నిమిషాలు కూర్చోనివ్వమన్నాను. పళ్ళొచ్చాక కాదు, ఇప్పుడే అన్నాను. ఖాళీ ఉంటే ఉంది, నోరు చూపిస్తే సరిపోయేది, ఎనిమిది నెలల కిందటే సరిపోయేది. ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది, అందులో నీ తప్పు సగమే. మిగతా సగం నా సిగ్గుది.

ఆవిడ సరే అంది. వెళ్ళాను. పిల్లలు లేచి వచ్చి చుట్టూ చేరారు. చిట్టికి ముందు పళ్ళు రెండు ఊడాయి, ఇద్దరం సరిజోడు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నోరు బాగా తెరిచి, 'నీళ్ళు' అన్నాను.

అది నా నోటి వంక చాలాసేపు చూసింది. నేను మళ్ళీ అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనేదో తప్పు చెబుతుంటే పాఠం దిద్దినట్టు, ఒళ్ళోంచి నా కుడిచెయ్యి తీసుకుని, పైకెత్తి, తెచ్చి నా నోటి మీద పెట్టింది. నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి, బొటనవేలు బుగ్గ మీదికి సర్ది, అప్పుడు వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

వదిన